నాన్నకు ‘ప్రత్యేక ప్లాన్’ థెరపీ: స్కోరు పడిపోయింది, ఇంకా కొనసాగించాలా?

రమణ_డాలస్: నాన్నగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. తెనాలిలో అమ్మతో ఉంటున్నారు. అల్జీమర్స్ తొలిదశ అన్నారు. ఒక సెంటరువాళ్ళు ‘ఆయనకు తగ్గట్టు ప్లాన్ వేసి మతిమరుపు ముదరకుండా చూస్తాం’ అని ఆరు నెలల ప్యాకేజీ కట్టించుకున్నారు. జ్ఞాపకశక్తినీ ఆలోచననీ కొలిచే ఎంఎంఎస్‌ఈ పరీక్షలో 30కి 22 ఉండేది, ఇప్పుడు 19. ఇది మోసం కాదా?

స్వప్న_ఓటీ: రమణ గారూ, నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోగులు రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయం చేస్తాను. థెరపీ లేకపోతే 17కి పడేదో, 19 దగ్గరే ఉండేదో ఒక్క మనిషి స్కోరు చూసి ఎవరూ చెప్పలేరు. ఇంగ్లండ్, వేల్స్‌లో 475 మందితో చేసిన ‘గ్రేట్’ ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. తొలిదశలో ఉన్నవాళ్ళు తమకు ముఖ్యమైన పనులు తామే ఎంచుకున్నారు, వాటిలో మెరుగయ్యారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం తేడా రాలేదు. నాన్నగారు ఇప్పుడు ఏ పని సొంతంగా చేసుకోగలుగుతున్నారో చూడండి.

రమణ_డాలస్: అంటే జబ్బు నెమ్మదించదని మీరే చెబుతున్నారు. మరి ఫిన్లాండ్‌లో సాధ్యమైందని మాకు స్లైడ్లు ఎందుకు చూపించారు?

స్వప్న_ఓటీ: అది ‘ఫింగర్’ ట్రయల్ అయి ఉంటుంది, 2015లో వచ్చింది. 60 నుంచి 77 ఏళ్ళ వయసున్న 1260 మందికి తిండి, వ్యాయామం, మెదడుకు కసరత్తు, బీపీ, షుగరు అన్నీ కలిపి రెండేళ్ళు చూశారు. కొంత మేలు కనిపించింది. కానీ వాళ్ళు డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) వచ్చినవాళ్ళు కాదు, వచ్చే ముప్పు ఉన్నవాళ్ళు. అది చూపించి మీకు ప్యాకేజీ అమ్మడం తప్పే.

సుబ్బు_కొత్తపేట: రెండు భాషలు వస్తే ఈ జబ్బు రాదట కదా. హిందీ నేర్పించండి.

స్వప్న_ఓటీ: రాదని కాదండీ. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. అది ఏళ్ళ తరబడి మాట్లాడిన భాషల సంగతి.

శారద_అనంతపురం: రమణ గారూ, ఇంట్లో ఆ ప్లాన్ ఎవరు చేయిస్తున్నారు?

రమణ_డాలస్: అమ్మ. పొద్దున ట్యాబ్‌లో రంగుల ఆటలు, సాయంత్రం ఫోటోలు, వారం వారం రిపోర్టు. దానికీ స్కోరుకీ ఏం సంబంధం?

శారద_అనంతపురం: చాలా ఉంది. మా అత్తయ్యకూ ఇలాంటి ప్లానే రాసిచ్చారు. అది చేయించాల్సింది నేను, నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆమె విసుక్కుంటే తిట్లు నాకు, స్కోరు తగ్గితే ‘సరిగ్గా చేయించలేదు’ అనే మాటా నాకే. లెక్కల మాస్టారికి రంగుల ఆటలేమిటండీ? మనవళ్ళకి ఎక్కాలు చెప్పమంటే చెప్పరా? మీరు డబ్బు పంపి రిపోర్టు అడుగుతారు. రోజంతా ఆ ఇంట్లో ఉండేది మీ అమ్మగారు.

రమణ_డాలస్: డబ్బు పంపడం తప్పన్నట్టు మాట్లాడకండి. ఆ నంబరు ఎందుకు పట్టుకున్నానో మీకు తెలియదు. ఇంకో రెండేళ్ళు ఇలాగే ఉంటారంటే ఇక్కడ పిల్లల చదువు ఒక కొలిక్కి తెచ్చుకుంటాను. ఉండరంటే ఉద్యోగం వదిలి ఇప్పుడే వచ్చేస్తాను. ఎప్పుడు బయల్దేరాలో నాకు ఎవరూ చెప్పరు. స్కోరు తప్ప నా చేతిలో ఏముంది?

సుబ్బు_కొత్తపేట: వచ్చేయండి అన్నా.

స్వప్న_ఓటీ: ఆ తేదీ ఏ పరీక్షా చెప్పలేదు రమణ గారూ. ఒక పని చేయండి. ఈసారి సెషన్‌లో అమ్మగారిని ముందు మాట్లాడనివ్వండి, ఏది చేయించగలరో, ఏది చేయించలేరో. బ్రిటన్‌లోనే ఇంట్లోవాళ్ళు చేయించే థెరపీని 356 జంటలతో, అంటే ఒక రోగి, చూసుకునే ఒక మనిషి చొప్పున, పరీక్షించారు, 2017లో వచ్చింది. అక్కడా జ్ఞాపకశక్తి పెరగలేదు. కానీ చూసుకునేవాళ్ళతో తమ అనుబంధం మెరుగైందని రోగులు చెప్పారు. అన్నట్టు, నాన్నగారికి చెవి పరీక్ష చేయించారా? వినపడకపోయినా ఆ స్కోరు పడుతుంది.

రమణ_డాలస్: లేదు, ఎవరూ చెప్పలేదు. చేయిస్తాను. అమ్మతో ఈ రాత్రికే మాట్లాడతాను. కానీ ఆ సెంటరుని డబ్బు వాపసు అడిగి తీరతాను. జబ్బు ముదరకుండా చూస్తామని కాగితం మీద రాసిచ్చారు వాళ్ళు.

శారద_అనంతపురం: అడగండి. ఆ కాగితం ఫోటో ఇక్కడ పెట్టండి, పేర్లు చెరిపేసి.