అప్‌డేట్: గీతలు తొక్కకుండా నడిచే మనిషి సినిమా దొరికింది

పేవ్‌మెంట్ మీద గీతలు తొక్కకుండా నడిచే ఒక చిరాకు మనిషి ప్రేమకథ, ఇంగ్లీషు సినిమా, పేరేంటని అడిగాను కదా. దొరికింది. 1997లో వచ్చిన 'యాజ్ గుడ్ యాజ్ ఇట్ గెట్స్'. పేరు చెప్పినవాళ్లకు చాలా థాంక్స్. జాక్ నికల్సన్, హెలెన్ హంట్ ఇద్దరికీ ఆస్కార్లు తెచ్చిన సినిమా ఇది.

రాత్రి అక్కతో కలిసి చూశాను. ఆ చిరాకు మనిషి పేరు మెల్విన్, న్యూయార్క్‌లో ఉండే రచయిత. రాసేది ప్రేమ నవలలు, నోరు తెరిస్తే మాత్రం ఎదుటివాళ్ల మనసు విరగాల్సిందే. రెస్టారెంట్‌కి ప్లాస్టిక్ స్పూన్లు, ఫోర్కులు తనే తెచ్చుకుంటాడు. అక్కడి వెయిట్రెస్ కేరల్ కొడుకు ఉబ్బసానికి డాక్టర్ని పంపిస్తాడు, అదీ మొదట తనకు ఆమే వడ్డించాలన్న స్వార్థంతోనే. నాకు బాగా పట్టేసిన సీన్ మాత్రం కుక్కది. కొన్నాళ్లు చూసుకున్న పక్కింటి కుక్క తిరిగి వెళ్లిపోయాక పియానో ముందు కూర్చుని ఏడుస్తాడు. నాకూ కళ్లు చెమర్చాయి.

చివర్లో పెళ్లీ గిళ్లీ ఏమీ లేదు, అతని ఆ చాదస్తాల జబ్బూ పూర్తిగా పోదు. నాకు అదే నచ్చింది. అక్కకి మాత్రం కేరల్ ఇంకా మంచివాణ్ణి చూసుకోవాల్సిందని కోపం. మాటలు బాగా కటువుగా ఉంటాయి, చిన్నపిల్లలు పక్కన ఉంటే పెట్టకండి.