అమెరికా బండ్లలో 2025కి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) 90 శాతం పైన ఉంటుందని 2012 అంచనా, ఇప్పుడు మూడో వంతు. ఇలాంటి లెక్కల మీద నిబంధనలు పెట్టొచ్చా?

నోవై వాసి:
2012లో అమెరికాలో ఈపీఏ (పర్యావరణ సంస్థ), ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (రోడ్డు భద్రతా సంస్థ) కలిసి 2017–25 మోడళ్లకి మైలేజీ నిబంధనలు తెచ్చాయి. 2025కి సగటున గ్యాలన్‌కి 54.5 మైళ్లు అన్నమాట అప్పటిదే. దాన్ని అందుకోడానికి కంపెనీలు ఏమేం బిగిస్తాయో కూడా లెక్కేశారు. పదింట తొమ్మిదికి పైగా బండ్లకి చిన్న ఇంజిన్, టర్బో. గేర్‌బాక్సుల్లో రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునే డ్యూయల్ క్లచ్‌దే హవా. ఏమైంది? టర్బో మూడో వంతు చిల్లర దగ్గరుంది. డ్యూయల్ క్లచ్, ట్రాఫిక్‌లో ఆ కుదుపులు ఇక్కడ అమెరికావాళ్లకి ఎక్కలేదు. పెద్దగా లెక్కలోకి రాని సీవీటీ (విడివిడి గేర్లు లేని గేర్‌బాక్సు) మాత్రం జపాన్ బండ్లలో చాలావాటికి వచ్చేసింది. ఇన్ని తప్పిన జాతకం చూసి పెళ్లి చేస్తారా ఎవరైనా?

కార్బురేటర్ శాస్త్రి:
వాసి గారూ, అది జాతకం కాదండీ. టర్బో పెట్టమని నిబంధనలో ఎక్కడుంది? మైళ్లు, కార్బన్ గ్రాములు, అంతే. భరించగల ఖర్చులో ఒక్క దారైనా ఉందని చూపించడమే వాళ్ల పని. మాజ్డా టర్బో లేకుండానే, ఇంజిన్‌లో గాలి-పెట్రోలుని పదమూడో వంతుకి నొక్కే 13:1 కంప్రెషన్‌తో ఇంకో దారి చూపించింది. 2018 టయోటా కామ్రీ ఇంజిన్ పెట్రోలు వేడిలో 40 శాతాన్ని పనిగా మార్చింది. 2016 సమీక్షలో ఈపీఏ కూడా టర్బోని మూడో వంతుకి దించింది. పైగా ప్లగిన్ హైబ్రిడ్లు (చార్జింగూ పెట్రోలూ రెండూ ఉన్నవి), కరెంటు బండ్లు 2025కి 2 శాతమే అన్నారు, 2023కే 10 దాటాయి. అంటే తప్పినా, తక్కువ చెప్పి తప్పారు.

లెక్కల మాస్టారు:
మీరిద్దరూ బానెట్ కింద కొట్టుకుంటున్నారు. అసలు తప్పింది షోరూంలో. 2025లో అమ్మేవాటిలో మూడింట రెండొంతులు కార్లు, ఒక వంతు ట్రక్కులు (అక్కడ చాలా ఎస్‌యూవీలూ ఈ లెక్కలోకే వస్తాయి) అనుకున్నారు. పెట్రోలు 2016కి రెండు డాలర్ల చిల్లరకి పడింది, జనం ఎస్‌యూవీల మీద పడ్డారు, ట్రక్కుల కోటాయే సగం దాటింది. బండి చక్రాల మధ్య వైశాల్యం పెరిగేకొద్దీ మైలేజీ లక్ష్యం తగ్గే పద్ధతి ఇది. అందుకే 2016 సమీక్షలోనే 54.5 కాస్తా 50–52.6 అయింది. ఏ టెక్నాలజీ ఓడిపోయిందని?

హైదరాబాదీ డీజిల్:
మాస్టారూ, పన్నుని మరిచారు. మన దగ్గర 2017 ఏప్రిల్‌లో మైల్డ్ హైబ్రిడ్ (ఇంజిన్‌కి చిన్న మోటారు సాయం మాత్రమే ఉండే) డీజిల్‌కి ఫేమ్ రాయితీ, అంటే కరెంటు, హైబ్రిడ్ బండ్లకి అప్పట్లో కేంద్రం ఇచ్చిన సాయం, తీసేశారు. జూలైలో జీఎస్టీ 28, పైన సెస్ 15 వేసి పెద్ద హైబ్రిడ్లని 43కి చేర్చారు. ఆ ఏడాది మొదట్లో అంచనా వేసినవాడు ఎంత తెలివైనవాడైతే ఏం లాభం?

నోవై వాసి:
నేననేదీ అదేగా! పెట్రోలు ధర, పన్ను, జనం మోజు, మూడూ చేతిలో లేనప్పుడు పదమూడేళ్ల తర్వాతికి దశాంశంతో సహా 54.5 ఎందుకు? కనిష్ఠం, గరిష్ఠం చెప్తే చాలదా?

కార్బురేటర్ శాస్త్రి:
దశాంశం సంగతి మీదే రైటు. కానీ నిబంధన లేకపోతే ఏమవుతుందో ఇప్పుడే తెలుస్తుంది. 2025 జూలై చట్టంతో మైలేజీ తప్పితే వేసే జరిమానా సున్నా అయింది. నా పందెం ఇదీ: సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేసే స్టార్ట్-స్టాప్ ముందు పోతుంది, అది కొనేవాళ్లడిగితే వచ్చింది కాదు, నిబంధన లెక్కలో కలిసొచ్చే క్రెడిట్ల కోసం కంపెనీలు పెట్టింది. టర్బో ఎక్కడికీ పోదు, దాంతో బండికి పికప్ వస్తుంది. కాదనేవాళ్లు కారణం రాయండి.