అప్‌డేట్: పోటు సమయం రోజూ ఎందుకు జరుగుతోందో తేలింది

రోజూ అదే గంటకు సముద్రపు పోటు (నీరు పైకి రావడం) వస్తుందని నేను వేసిన పట్టిక వారానికల్లా దాదాపు ఆరు గంటలు తప్పింది, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పోటు రావాల్సిన వేళకు పాటు (నీరు వెనక్కి తగ్గడం) కనిపించేది. జవాబిచ్చినవాళ్లకు థాంక్స్.

పనిచేసింది 'చాంద్రదినం' సూచనే, అంటే పోటును చంద్రుడు మళ్లీ అదే చోట నడినెత్తికి వచ్చే వ్యవధితో లెక్కించమనడం. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు కక్ష్యలో సుమారు 13 డిగ్రీలు ముందుకెళ్తాడు. అతన్ని అందుకోవడానికి మరో 50 నిమిషాలు కావాలి. ఆ వ్యవధిలో పోట్లు రెండు కాబట్టి పోటుకూ పోటుకూ మధ్య 12 గంటలు తీసేసి 12 గంటల 25 నిమిషాలు పెట్టాను, కుదిరింది. ఇవాళ ఉదయం 6:10 అయితే రేపు 7:00.

నా గడియారం తప్పేమో అన్న అనుమానం వృథా. చంద్రుడి దూరం కూడా కారణం కాదు, అది మార్చేది ముఖ్యంగా పోటు ఎత్తును. అయితే రోజుకు 50 నిమిషాలన్నది సగటే సుమా: అమావాస్య, పౌర్ణమి దగ్గర తగ్గుతుంది, అష్టమి దగ్గర పెరుగుతుంది.