గ్రాంటు తగ్గితే కమ్యూనిటీ రేడియో ఖర్చు ఎవరు మోయాలి?

పద్దుల పుస్తకం (ప్రశ్న):
ఒక కమ్యూనిటీ రేడియో స్టేషన్‌లో ఎనిమిదేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. జీతం తీసుకునేవారు ఇద్దరే, మిగిలిన వారంతా వాలంటీర్లు. ప్రభుత్వం మా గ్రాంటును సగానికి తగ్గించబోతోందని తెలిసినప్పటి నుంచి కమిటీ సమావేశాల్లో రెండు మాటలే వినిపిస్తున్నాయి: ప్రకటనలు పెంచుదాం, లేదా శ్రోతల దగ్గర చందాలు వసూలు చేద్దాం. పద్దులు ముందు పెట్టుకుని చూస్తే ఈ రెండూ కలిపినా లోటు పూడేలా లేదు. చందా ఇచ్చేవారు పిల్లల కార్యక్రమానికనో, వాతావరణ సమాచారానికనో సంతోషంగా ఇస్తారు గాని కరెంటు బిల్లుకు, టవర్ మరమ్మతుకు ఇవ్వమంటే మాట మారుస్తారు. ఇన్నాళ్లూ గ్రాంటు మోసింది సరిగ్గా ఆ ఎవరికీ పట్టని ఖర్చులనే.

ఒక్క సంగతి చెబుతాను. పోయిన వానల్లో యాంటెన్నా కేబుల్ కనెక్టర్‌లోకి నీరు దిగింది. యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగివచ్చే పవర్ మీటరులో రోజురోజుకూ పెరుగుతూ పోయి, చివరికి ట్రాన్స్‌మిటర్ తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేసుకుంది. స్టూడియోలో అంతా మామూలుగానే ఉంది, మాట్లాడేవారు మాట్లాడుతూనే ఉన్నారు. ప్రసార పరిధి అంచున ఉన్నవారికి మాత్రం మూడు రోజుల పాటు గరగర తప్ప మరేమీ వినిపించలేదు. ఆ మరమ్మతుకు డబ్బు గ్రాంటు నుంచే వచ్చింది. ఇలాంటి కోతలు ఎదురైన చోట్ల స్టేషన్లు ఏం చేశాయో, ప్రభుత్వానికి రాయబోయే వినతిపత్రంలో మేము ఏం అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

శాసనాల చదువరి:
ముందుగా అమెరికా అనుభవం చూడండి. 1967 నాటి చట్టంతో ఏర్పడిన కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ అనే సంస్థ ద్వారా అక్కడి ప్రజా ప్రసార కేంద్రాలకూ, అర్హత ఉన్న కమ్యూనిటీ స్టేషన్లకూ నిధులు అందేవి. రాజకీయాల గాలి తగలకూడదన్న ఉద్దేశంతో ఆ సొమ్మును రెండేళ్లు ముందుగానే కేటాయించే పద్ధతి పెట్టుకున్నారు. అయినా 2026, 2027 ఆర్థిక సంవత్సరాలకు అప్పటికే మంజూరు చేసిన సుమారు 110 కోట్ల డాలర్లను 2025 జులైలో అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ వెనక్కి తీసేసుకుంది; మరుసటి నెల మొదట్లోనే ఆ సంస్థ తన కార్యకలాపాలను ముగించనున్నట్టు ప్రకటించింది. ముందే కేటాయించారు కదా అన్న ధీమా అక్కడ అక్కరకు రాలేదు.

మీరు గమనించవలసింది ఇంకొకటుంది. చందాదారులు దండిగా ఉన్న నగర కేంద్రాల మీద ఈ దెబ్బ ఒక మోస్తరుగానే పడింది. అలాస్కాలోని బెతెల్ నుంచి అక్కడి ఆదివాసుల యూపిక్ భాషలో కూడా ప్రసారం చేసే స్టేషన్ లాంటివాటి మీద మాత్రం పిడుగే పడింది, ఎందుకంటే వాటి ఆదాయంలో ఎక్కువ భాగం ఆ నిధే. పైగా పోయింది నగదు ఒక్కటే కాదు. పాటల హక్కుల రుసుమును ఆ సంస్థ అన్ని స్టేషన్ల తరఫునా మాట్లాడి చెల్లించేది. ఇకమీదట ఆ బేరం ఎవరు చేయాలన్నది చిన్న స్టేషన్లకు పెద్ద సమస్యే. మీకు గ్రాంటుతో పాటు ఉమ్మడిగా అందుతున్న సేవలు ఏవైనా ఉంటే వాటిని కూడా లెక్కలో చూపండి.

పాత గొంతు:
నాకు వేరే అభిప్రాయం ఉంది. ప్రభుత్వ సొమ్ము తింటూ ప్రభుత్వాన్ని ప్రశ్నించడం కత్తి మీద సామే. అమెరికాలోని బర్క్‌లీలో 1949లో మొదలైన కేపీఎఫ్‌ఏ అనే రేడియో స్టేషన్ శ్రోతల చందాలనే ఆధారం చేసుకుని పుట్టింది. గ్రాంటు పోవడం ఒక విధంగా విడుదలే.

శాసనాల చదువరి:
పెద్దవారు, మీ మాటను కాదనలేను గాని, కేపీఎఫ్‌ఏ గొంతు చేరింది విశ్వవిద్యాలయం ఉన్న, జనం కిక్కిరిసిన తీరప్రాంతానికి. భారతదేశంలో కమ్యూనిటీ రేడియోకు అనుమతించేది మామూలుగా 100 వాట్ల ప్రసార శక్తి. అది పదీ పదిహేను కిలోమీటర్లు దాటడం కష్టం. అంత చిన్న పరిధిలో, అదీ పేదవారే ఎక్కువగా ఉన్న చోట, చందాలతో స్టేషన్‌ను నడపమనడం అవసరం ఎక్కువగా ఉన్నవారికే రేడియో లేకుండా చేయడమవుతుంది. గంటకు 7 నిమిషాలుగా ఉన్న ప్రకటనల పరిమితిని 2024 ఫిబ్రవరిలో 12 నిమిషాలకు పెంచారు, నిజమే. ఆ నిమిషాలను కొనేవారు ఆ పరిధిలో దొరకాలి కదా.

మీ స్వతంత్రత ప్రశ్నకు ఫ్రాన్స్ పద్ధతిలో కొంత జవాబు ఉంది. అక్కడి స్థానిక రేడియోల సహాయ నిధి 1980ల నాటిది. మొదట్లో దాన్ని వాణిజ్య ప్రసారాల ప్రకటనల ఆదాయంపై వేసిన పన్నుతో నింపేవారు, తర్వాత బడ్జెట్‌లోకి మార్చారు. ప్రకటనల ఆదాయం మొత్తం రాబడిలో 20 శాతానికి లోబడి ఉన్న స్టేషన్లకే అది దక్కుతుంది. అందుకే 2025 బడ్జెట్‌లో ఆ నిధిని దాదాపు మూడోవంతు తగ్గిస్తామన్నప్పుడు, ప్రకటనలు పెంచుకోవద్దన్నదీ మీరే, ఇప్పుడు డబ్బు తగ్గిస్తున్నదీ మీరే అని స్టేషన్లన్నీ ఏకమై నిలదీయగలిగాయి. ఆ ఏడాదికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బడ్జెట్‌లోకి వచ్చిన నిధి ఏటా కత్తెర ముందు నిలబడవలసిందేనని నా అనుమానం; పన్నుకు ముడిపెట్టిన పాత ఏర్పాటే నాకు మేలుగా తోస్తోంది.

టవర్ ఎక్కేవాడు:
పద్దులవారూ, వినతిపత్రంలో మొత్తం గ్రాంటును ఒకే అంకెగా రాయకండి. అలా రాస్తే కోసేవారికి పని సులువవుతుంది. ప్రసారం ఆగిపోకుండా ఉండటానికి తప్పనిసరైన ఖర్చును, అంటే కరెంటు, లైసెన్స్, టవర్, ట్రాన్స్‌మిటర్ మరమ్మతు, విడిగా చూపి, దానికి బహుళ సంవత్సరాల హామీ అడగండి. కార్యక్రమాల ఖర్చులో కొంత మీరే తెచ్చుకుంటామని చెప్పండి. ఆ మూడు రోజుల గరగర సంగతి, మీటరు రీడింగులతో సహా, లాగ్ పుస్తకంలో రాసి ఉంటే ఆ పేజీ నకలు జతచేయండి. అన్నట్టు, కనెక్టర్ మార్చినప్పుడు నీరు చొరబడకుండా టేపు చుట్టారా, లేదా?

పద్దుల పుస్తకం:
అందరికీ కృతజ్ఞతలు. టేపు చుట్టించాము. లాగ్ పుస్తకం తీసి చూస్తే రెండో రోజు రీడింగ్ ఎవరూ రాయలేదు, మొదటి రోజుదీ మూడో రోజుదీ ఉన్నాయి. ఉన్నవాటినే జతచేస్తున్నాను. ప్రసార ఖర్చును విడదీసి కొత్త పట్టిక వేయడం ఈ రాత్రే మొదలుపెట్టాను.