45 రోజులు దాటినా బిల్లు రాకపోతే పెద్ద కంపెనీ మీద ఫిర్యాదు పెట్టాలా?

బాలానగర్_టర్నర్: మాది సీఎన్‌సీ జాబ్‌వర్క్ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల మీద కంపెనీల డ్రాయింగుల ప్రకారం భాగాలు చేసిచ్చే పని), ఎనిమిది మందిమి. ఒక పెద్ద కంపెనీకి మార్చిలో పంపిన సరుకుకు 4.6 లక్షలు ఆగస్టు వచ్చినా రాలేదు. ఆ బిల్లుల మీద జీఎస్టీ మాత్రం ఏప్రిల్ 20 లోపే అప్పు తెచ్చి కట్టాను. చిన్న పరిశ్రమలకు రావాల్సిన బాకీల కోసం ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడదామంటే ఉన్న ఆర్డర్లు కూడా పోతాయని టెన్షన్. పెట్టినవాళ్లు చెప్పండి.

అకౌంట్స్_మనిషి: ఒక పెద్ద కంపెనీలో బిల్లులు పాస్ చేసే సీట్లో 14 ఏళ్లు కూర్చున్నాను. ఆ 45 రోజులను మీరంతా ఇన్‌వాయిస్ తేదీ నుంచి లెక్కపెడతారు, అది తప్పు. సరుకును అంగీకరించిన రోజు నుంచి లెక్క. క్యూసీ (సరుకు నాణ్యత తనిఖీ) ఎప్పుడు పాసైందో ముందు చూసుకోండి.

చర్లపల్లి_షెడ్డు: సగమే చెప్పారు సార్. సరుకు అందాక 15 రోజుల్లో కంపెనీ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 చట్టంలోనే ఉంది. మీ క్యూసీలో రెండు నెలలు పడి ఉంటే మా లెక్క ఆగదు.

అకౌంట్స్_మనిషి: పీఓలో (కొనుగోలు ఆర్డర్‌లో) 90 రోజులని ఉంటుంది. ఒప్పుకుని పని తీసుకున్నది మీరే కదా?

చర్లపల్లి_షెడ్డు: ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 దాటకూడదు. అసలు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ కట్టాలి, అదీ నెలనెలా చక్రవడ్డీగా.

ఆటోనగర్_బెజవాడ: బిల్లు చూపించి బ్యాంకుల నుంచి ముందే డబ్బు తీసుకునే ఆన్‌లైన్ వేదిక ట్రెడ్స్ ఉంది కదా, అందులో పెట్టండి అన్నా.

బాలానగర్_టర్నర్: కంపెనీ బిల్లు ఓకే చేస్తేనే కదా అక్కడ డబ్బొచ్చేది.

ప్యాకింగ్_పని: ఆలస్యం చేసిన బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపనివ్వని ఆదాయపు పన్ను సెక్షన్ 43బీ(హెచ్) వచ్చాక, మా క్లయింట్ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) రద్దు చేసుకోమన్నాడు.

అకౌంట్స్_మనిషి: సెక్షన్లు నాకూ తెలుసు. కేసు గెలిచాక పని ఎవరిస్తారు?

చర్లపల్లి_షెడ్డు: నేను 2022లో ఫిర్యాదు వేశాను. వాటిని విచారించే ప్రభుత్వ కౌన్సిల్ నా వైపే చెప్పింది. సవాలు చేయాలంటే 75 శాతం డిపాజిట్ కట్టాలి కాబట్టి చివరికి ఇచ్చేశారు. కానీ ఈలోగా నేను చేసే భాగాల డ్రాయింగులు, వాటితో ఆ పని, పక్క షెడ్డుకు వెళ్లాయి, నా రేటు కంటే తక్కువకు. ఇద్దరు ఆపరేటర్లను పంపేశాను. ఒకడు నా దగ్గర లేత్ నేర్చుకున్నవాడు. కంపెనీ చేసింది మర్చిపోయాను సార్. ఆ పక్క షెడ్డు వాడు మాత్రం రోజూ ఎదురుపడతాడు.

కుషాయిగూడ_వీఎంసీ: అన్నా, మీకు తెలిసినవాణ్ని కాదు గానీ నేనూ అలాంటి పని తీసుకున్నాను. ఎందుకు మారుస్తున్నారని అడగలేదు. మెషిన్ లోను 62 వేలు ఈఎంఐ. ఖాళీగా ఉంటే బ్యాంకు ఊరుకోదు.

చర్లపల్లి_షెడ్డు: మీకు ఎన్ని రోజులకు ఇస్తున్నారు?

కుషాయిగూడ_వీఎంసీ: 110.

అకౌంట్స్_మనిషి: ఒకటి చెప్పాలి. చెల్లించడానికి మా దగ్గర డబ్బు లేని నెల నాకు గుర్తులేదు. సరుకు ఆపేయగల పెద్ద సప్లయర్లకు ముందు వెళ్లేది, ఆపలేనివాళ్ల బిల్లులు వెనక్కి జరిగేవి. ఆ లిస్టు నేనే తయారుచేసేవాణ్ని.

బాలానగర్_టర్నర్: సోమవారం ఫిర్యాదు పెడుతున్నాను. ఇక్కడ ఎవరి దగ్గరికైనా కొత్తగా నేను చేసే ఫ్లాంజ్‌ల (పైపులను కలిపే చక్రాల్లాంటి భాగాల) డ్రాయింగులు వస్తే, తీసుకునే ముందు ఎవరి దగ్గర్నుంచి తెచ్చారో ఒక్క మాట అడగండి.

కుషాయిగూడ_వీఎంసీ: అడుగుతాను. వద్దంటానని మాత్రం మాటివ్వలేను అన్నా.