బూజు పట్టిన పల్లీలు డీఎన్ఏని మారుస్తాయా?

ప్రశ్న: పల్లీల బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం మ్యూటజెన్, అంటే డీఎన్ఏని మార్చేసే పదార్థం అని క్లాస్‌లో చెప్పారండి, కానీ అది డీఎన్ఏ దగ్గరికెళ్లి అసలేం చేస్తుంది?

జవాబు 1: అఫ్లాటాక్సిన్‌లో ఒక రకమైన బీ1 నేరుగా ఏం చెయ్యదండి, మన లివర్‌లోని ఎంజైమ్‌లే దాన్ని బయటికి పంపే పనిలో ఎపాక్సైడ్ అనే చురుకైన రూపంలోకి మార్చేస్తాయి, అదెళ్లి డీఎన్ఏలో జీ అక్షరమైన గ్వానిన్‌కి అతుక్కుంటుంది, రిపేర్ అయ్యేలోపే సెల్ డీఎన్ఏని కాపీ చేసిందంటే జీ ఉండాల్సిన చోట టీ అనే వేరే అక్షరం పడిపోవచ్చు.

జవాబు 2: ఉదాహరణకి టీపీ53 అనే జీన్ చూడండి, 249వ మూడక్షరాల మాట, అంటే కోడాన్‌లో ఏజీజీ కాస్తా ఏజీటీ అవుతుంది, దాంతో ప్రోటీన్‌లో ఆర్జినిన్ అనే అమైనో ఆసిడ్ పోయి సెరిన్ వస్తుంది, ఆ ఒక్క అక్షరంతో క్యాన్సర్‌ని అడ్డుకునే ప్రోటీన్ దెబ్బతింటుంది. నాకైతే ఇదే భయమేస్తుంది.

ప్రశ్న: మరి వేయిస్తే పోదా?

జవాబు 1: పూర్తిగా పోదండి, వేడికి బాగా తట్టుకుంటుంది. ముడతలు పడ్డవి, రంగు మారినవి, పచ్చగా బూజున్నవి ఏరి పారెయ్యండి, చట్నీలో అస్సలు వెయ్యొద్దు.