వరదొస్తే ఫైర్ పిస్టన్ అక్కరకొస్తుందా, వట్టి ఆటబొమ్మేనా?

లంకమాష్టారు:
అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో ఒక లంక. 2022 జులైలో గోదారి వచ్చినప్పుడు మూడు రోజులు డాబా మీదే గడిపాం. గ్యాసు బండ ఎక్కించాం, పొయ్యి ఎక్కించాం, బియ్యం ఎక్కించాం. అగ్గిపెట్టె మాత్రం నా చొక్కా జేబులో ఉండిపోయింది. నడుంలోతు నీళ్లలో ఆవుని ఏటిగట్టు మీదికి తోలి వచ్చేసరికి అది ముద్దయిపోయింది. సిగరెట్ లైటరు ఒకటి దొరికింది గానీ చక్రం తుప్పు పట్టి కదల్లేదు. చివరికి పక్క డాబా మీంచి మా బావగారు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అగ్గిపెట్టె విసిరితే ఆ పూట టీ తాగాం.

అప్పట్నించీ ఫైర్ పిస్టన్ మీద మనసు పడింది. తెలియనివాళ్ల కోసం: ఒక వైపు మూసిన సన్నటి గొట్టం, అందులో బిగుతుగా దిగే కడ్డీ. కడ్డీ కొసన చిన్న గుంటలో కాల్చిన నల్లగుడ్డ ముక్క పెట్టి, అరచేత్తో ఒక్క పోటు పొడిస్తే లోపలి గాలి నలిగి వేడెక్కి గుడ్డకి నిప్పంటుకుంటుంది. సైకిలుకి గాలి కొడుతుంటే పంపు కింది భాగం వేడెక్కుతుంది చూడండి, అదే సంగతి. మలయా, బర్మా, బోర్నియో వైపు జనం వెదురుతో, కొమ్ముతో చేసుకుని తరతరాలుగా వాడారు. గ్యాసు అయిపోదు, రాయి అరగదు, తడిసినా తుడుచుకుంటే సరి. మా స్కూలు పిల్లలతో ఇంటికొకటి చొప్పున చేయించాలని ఉంది. ఏమంటారు?

లేతుపని:
మాష్టారూ, నేను రావులపాలెంలో లేతు పని చేస్తాను. సరదాకి నాలుగు చేశాను. మూడు చెత్తబుట్టలోకి పోయాయి. ఎందుకు పోయాయో చెబుతాను, మీకు పనికొస్తుంది.

మొదటిదానికి కడ్డీ కొసన గుంట లోతుగా తీశాను, గుడ్డ ఎక్కువ పడుతుంది కదా అని. అదే తప్పు. గొట్టంలో కడ్డీ 100 మి.మీ. దిగితే అడుగున మిగిలే ఖాళీ 5 మి.మీ. మించకూడదు, గుంటలో ఖాళీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. గాలి ఇరవయ్యో వంతుకి నలిగితేనే నిప్పు. గుంట పెద్దదైతే నలగాల్సిన గాలి అందులోకెళ్లి కూర్చుంటుంది.

రెండోది ఈ కొస నుంచి ఆ కొసకి చిల్లు వేసి అడుగున బిరడా పెట్టి గమ్ముతో అతికించాను. నాలుగో పోటుకి బిరడా ఊడి షెడ్డు రేకుకి తగిలింది. చిన్నపిల్లలెవరూ ఎదురుగా లేరు కాబట్టి సరిపోయింది. అడుగు మూసి ఉండేలా ఒక వైపు నుంచే డ్రిల్లు వేయాలి. మూడోదానికి డ్రిల్లు వేసి వదిలేశాను, లోపల గీతలు గీతలుగా ఉంది. పది పోట్లకే కడ్డీకి తొడిగిన ఓరింగు (రబ్బరు రింగు) చీరుకుపోయింది. నాలుగోదానికి రీమరు (చిల్లుని నునుపు చేసే పనిముట్టు) తిప్పి, పుల్లకి ఎమిరీ కాగితం చుట్టి అద్దంలా నునుపు చేశాను. ఇత్తడి గొట్టం, 6 మి.మీ. బోరు (లోపలి వెడల్పు), కడ్డీ గాడిలో ఒకే ఓరింగు, పైన చిటికెడు వేజిలీను. బాగుందో లేదో చూడాలంటే ఉత్త కడ్డీని సగం దాకా నొక్కి వదిలెయ్యండి. స్ప్రింగులా వెనక్కి రావాలి. రాకపోతే గాలి జారిపోతోందన్నమాట, నిప్పు మాట మర్చిపోండి.

ఇంకో మాట. పొడిచిన మరుక్షణం కడ్డీ బయటికి లాగాలి. లోపలున్న కాస్త గాలితోనే గుడ్డ రాజుకుంటుంది, ఆ గాలి అయిపోతే అక్కడే చస్తుంది. కొత్తలో అందరూ ఇక్కడే తడబడతారు.

చెరువుగట్టు:
మాష్టారూ, ఏమనుకోకండి. మీ కథలోనే మీకు జవాబుంది. బావగారు అగ్గిపెట్టెని ప్లాస్టిక్ కవర్లో చుట్టి విసిరారన్నారు. పొడిగానే ఉంది, వెలిగింది, టీ తాగారు. ఆ కవరేదో మీరూ చుట్టుకుంటే సరిపోయేది కదండీ! చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది.

ఆ నల్లగుడ్డ తడిస్తే పిస్టను ఏం చేస్తుందండీ? తడిగుడ్డకి నిప్పు అంటుకోదు కదా. అంటే గుడ్డని పొడిగా దాచాలి. గుడ్డని పొడిగా దాచగలిగిన డబ్బాలో అగ్గిపెట్టె దాచలేమా? పుల్లల తలలు కొవ్వొత్తి మైనంలో ముంచి, బిగుతు మూత డబ్బాలో వేసి, పెట్టె పక్కన ఎర్ర భాస్వరం రాసిన గరుకు పట్టీ కోసి అందులోనే పడేస్తే ఎన్నేళ్లయినా ఉంటుంది. ఖర్చు ఐదు రూపాయలు. మా చెరువు మీద కాపలా కుర్రాడు పదేళ్లుగా అదే చేస్తున్నాడు.

కొబ్బరాకు:
లెక్కలు ఇష్టమున్నవాళ్లకి: 30 డిగ్రీల గాలిని వేడి బయటికి పోకుండా ఇరవయ్యో వంతుకి నొక్కితే లెక్క ప్రకారం 700 డిగ్రీలు దాటుతుంది. నిజంగా అంత రాదు, ఇత్తడి గోడలు వేడి లాగేసుకుంటాయి. అందుకే వేగం ముఖ్యం. మెల్లగా నొక్కితే ఎంత బలంగా నొక్కినా గొట్టం గోరువెచ్చనవుతుంది, అంతే. ఆ చివరి క్షణంలో లోపల ఒత్తిడి లెక్కకి 60 అట్మాస్ఫియర్లు దాటుతుంది. 6 మి.మీ. బోరుకి అది అరచేతి మీద 18, 19 కిలోల బరువు. 10 మి.మీ. తీసుకున్నారనుకోండి, 50 కిలోలు దాటింది. ఏడో తరగతి పిల్ల ఎలా పొడుస్తుంది? నీళ్ల పైపు ముక్కతో చేయించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి మాష్టారూ, పగిలి కళ్లలో పడుతుంది.

లంకమాష్టారు:
చెరువుగట్టు గారూ, దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. అయినా ఒక్క మాట. డబ్బాలో 40 పుల్లలుంటాయి, ఐదు రోజుల వానలో గాలికి ఆరిపోయినవే సగం. పిస్టనుకి గోరంత గుడ్డ ముక్క చాలు, పాత పంచె చెంగు ఒకటి కాల్చి పెట్టుకుంటే వందల సార్లు వస్తుంది. పైగా మీ చెరువు మీద హ్యాండిలు కొట్టి స్టార్టు చేసే డీజిలు ఇంజనుందే, దానికి ప్లగ్గు లేదు కదా. గాలిని నలిపి, ఆ వేడి మీద డీజిలు చల్లితే మండుతుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపించిన ఇంజనుదీ ఇదే సూత్రం. అరచేతిలో ఇంజను పెట్టి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

చెరువుగట్టు:
పాఠానికైతే నాకు అభ్యంతరం లేదండి, అద్దం గొట్టందొకటి కొని క్లాసులో వెలిగించండి, దూది భగ్గుమంటుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. నా గొడవల్లా వరద మాట మీదే. ఇంజను మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా, వానాకాలం తెల్లారగట్ల ఆ ఇంజనే లీవరెత్తి నాలుగు తిప్పులు తిప్పితే గానీ అందుకోదు. ఇక చలికి వణికే చేత్తో మీ గొట్టం ఏం అందుకుంటుందో మీరే చెప్పాలి.

అరటిగెల:
మగాళ్లంతా నిప్పు దాకా వెళ్లి ఆగిపోయారు. వండేది మేమండీ! గుడ్డ మీద ఎర్రటి చుక్క వస్తే పొయ్యి వెలిగినట్టా? ఆ చుక్కని పీచులో పెట్టి ఊదాలి. కొబ్బరి పీచు వేళ్లతో నలిపి పొట్టంతా దులిపేసి, పిచ్చుక గూడులా చేసి, మధ్యలో పెట్టి మెల్లగా ఊదితే పొగొచ్చి పొగొచ్చి మంటందుకుంటుంది. మా అత్తగారు కుంపటి అలాగే రాజేసేవారు, ఆవిడకి ముందురోజు బొగ్గు బూడిదలో దాచి ఉంచడం అలవాటు. పీచు తడిగా ఉంటే కళ్లు మండటమే మిగులుతుంది. మా నాన్నగారి ఊళ్లో 1996 నవంబరు తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ నేల మీద ఉన్నాయి. పీచుకి కొదవా? అంతా నానిపోయింది. అటక మీద చూరు కింద మిగిలిన పీచుతోనే పొయ్యి వెలిగింది.

ఇంకో విషయం, వంటింటి గ్యాసు లైటరు తడిసినా ఆరబెడితే మళ్లీ టిక్కుమంటుంది. బండ డాబా మీదికి ఎక్కించగలిగినవాళ్లు దాన్ని కూడా కవర్లో వేసి ఎక్కించండి.

ఏటిగట్టు:
మన తాతలకి ఈ పిస్టను తెలుసో లేదో గానీ చెకుముకి తెలుసు. రాయి, ఉక్కు ముక్క, దూది. అగ్రహారాల్లో యజ్ఞానికి అరణి మథించేవారు (కర్ర మీద కర్ర చిలికి నిప్పు తీయడం), జమ్మి చెట్టు మీద మొలిచిన రావి కర్రతో. ఇవన్నీ చివరికి పొడి దగ్గరికే వస్తాయి.
మలయా వాళ్లు మట్టల మొదట్లో ఉండే నూగు వాడేవారు, అది మన జీలుగు (కల్లు తీసే తాటిలాంటి చెట్టు) జాతి చెట్టుదే. రంపచోడవరం వైపు వాళ్లెవరైనా ప్రయత్నించి చెబితే వినాలనుంది.

లేతుపని:
చెరువుగట్టు గారి మాట మనసులో తొలుస్తుంటే నిన్నా మొన్నా పరీక్ష పెట్టాను. పాత బనీను ముక్క, నూలుదే, మూతకి చిన్న చిల్లున్న డబ్బాలో వేసి పొయ్యి మీద పెట్టాను. పొగ ఆగేదాకా ఉంచి, చల్లారాక తీశాను (వేడిగా ఉండగా తీస్తే గాలి తగిలి మొత్తం బూడిదే). పాలిస్టరు కలిసిన చొక్కా గుడ్డ కూడా పెట్టాను, అది కరిగి తారులా అంటుకుపోయింది.

సగం నల్లగుడ్డ గాజు సీసాలో, సగం కిటికీ గట్టు మీద. బయట రెండు రోజులూ ముసురే. సీసాలోది మూడో పోటుకి అంటుకుంది. కిటికీలోది పదిహేను పోట్లు పొడిచాను, అరచేయి కమిలింది గానీ నిప్పు రాలేదు. అదే ముక్కని వెల్డింగు చేసిన వేడి రేకు మీద పావుగంట ఉంచితే రెండో పోటుకే వచ్చింది. మరి వరదలో వేడి రేకు ఎక్కడిది? ఆ మాట దగ్గర చెరువుగట్టు గారే నెగ్గారు. కానీ సీసా బిగుతుగా ఉన్నంత కాలం నా గొట్టం పనిచేస్తుంది, అదీ నిజమే.

చెరువుగట్టు:
ఆయ్, ఒప్పుకున్నారు కాబట్టి నేనూ ఒక మెట్టు దిగుతాను. సీసాలో అగ్గిపుల్లలు అడుగున, నల్లగుడ్డ పైన, గొట్టం పక్కన. మొదట పుల్ల గీసేది మాత్రం నేనే.

లంకమాష్టారు:
ఇంటికొకటి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. స్కూలుకి రెండు చాలు, పెద్ద క్లాసు పిల్లలకే, కళ్లద్దాలు పెట్టించి. ఇంటికొక్కటి కావాల్సింది బిగుతు మూత సీసా. అది పిల్లలతో వచ్చే వారమే తెప్పిస్తాను, ఈ జులై లోపు. లేతుపని గారూ, ఇత్తడి ధర ఎంతవుతుంది?

లేతుపని:
ముక్కలు షెడ్డులో మిగిలినవే ఉన్నాయి మాష్టారూ, డబ్బులొద్దు. శనివారం కరెంటుంటే రండి, 6 మి.మీ.వి రెండు తీసి పెడతాను. గుడ్డ మీరే తెచ్చుకోండి. బనీనైనా పరవాలేదు, నూలుదై ఉండాలి.